దసరా తెల్లారి వేసిన ప్యాకేజీ

ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నది తొంభైల చివర్లో. ఇంట్లో కూర్చుంటే ఏమీ తోచలేదు. మా ఇల్లు చిక్కడపల్లిలో. అక్కడి నుంచి నడిచి పోయేంత దూరంలో, అశోక్ నగర్‌లో ఒక ఇంటి పై అంతస్తులో చిన్న కంపెనీ ఒకటి వెబ్‌సైట్లు తయారు చేసేది. దాని యజమాని మా పాత సహోద్యోగికి తమ్ముడు. సర్వర్లు చూసుకోవడానికి నిదానంగా పని చేసే మనిషి కావాలని అడిగితే మా సహోద్యోగి నన్ను చూపించాడు. రోజూ డైరీ రాస్తాడు, తీసిన వస్తువు తీసిన చోటే పెడతాడు అని చెప్పాడట. అవే నా అర్హతలు.

సర్వరంటే పెద్ద యంత్రమేమీ కాదు. మామూలు కంప్యూటరే. రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తూ, ఎవరు ఏ పేజీ అడిగితే ఆ పేజీ పంపుతూ ఉంటుంది. మాకు అలాంటివి మూడుండేవి. ఒకటి అశోక్ నగర్ ఆఫీసులో, ఒకటి చిక్కడపల్లిలో యజమాని బావమరిది నడిపే ఇంటర్నెట్ సెంటర్లో, ఇంకొకటి నారాయణగూడలో ఒక వారపత్రిక ప్రెస్సులో. ఆ రోజుల్లో ఒక్క లైను మీద బరువంతా పెడితే పేజీ తెరుచుకునేలోపు మనిషి టీ తాగి వచ్చేవాడు. అందుకని మూడు చోట్ల పెట్టి, వచ్చే గిరాకీని మూడింటికీ పంచేవాళ్ళం.

ఆఫీసులో నాకు ఎక్కువ పని పడింది ఒక అమ్మాయితో. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. తండ్రి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి మేస్త్రీ పని చేస్తూ చదివించాడు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళు. ఆమె రెండేళ్ళుగా ఒకటే ప్రోగ్రామ్ మీద ఉంది. పత్రికల వాళ్ళు డీటీపీలో కొట్టిన తెలుగును, చదివేవాళ్ళ కంప్యూటర్లో ఏ ఫాంటూ లేకున్నా తెలుగుగానే కనబడేటట్టు మార్చే ప్రోగ్రామ్ అది. అప్పటికి చాలా తెలుగు పత్రికలు నెట్ మీద బొమ్మలుగానే ఉండేవి. పేజీని ఫోటో తీసినట్టు తీసి పెట్టేవాళ్ళు. దాంట్లో ఒక మాట వెతకాలంటే కుదరదు, ఒక వాక్యం తీసుకోవాలంటే కుదరదు. బొమ్మ కాదు, అక్షరాలే రావాలని ఆమె పట్టు.

ఆ ప్రోగ్రామ్ విడిగా నడవదు. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లోనే కలిపి కంపైల్ చేయాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరికేది. కోఠిలో పాత కంప్యూటర్ పత్రికలు అమ్మే చోట, పత్రికతో పాటు వచ్చే సీడీల్లో ఉండేది. దాన్ని తెచ్చి, విప్పి, ఆమె రాసింది అందులో చేర్చి, యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చుకోవాలి. కంపైల్ చేయడమంటే అదే. నేను చేరేనాటికి ఈ పని ఏ సర్వర్లో ఆ సర్వర్లోనే చేస్తుండేవాళ్ళు. మూడు ఇళ్ళల్లో మూడు పొయ్యిల మీద అదే పప్పు వండినట్టు. ఒక దాంట్లో ఉప్పెక్కువ, ఒక దాంట్లో ఉడకలేదు. అదే పేజీ చిక్కడపల్లి నుంచి వస్తే బాగుండేది, నారాయణగూడ నుంచి వస్తే గుణింతాలు తప్పేవి. చదివేవాళ్ళు ఫోన్ చేస్తే, ఏ సర్వర్ నుంచి పోయిందో తెలియక ఆమె పరేషాన్ అయ్యేది. మూడు చోట్లకీ బస్సెక్కి తిరిగేది.

నేను పాత ఉద్యోగంలో నేర్చుకున్న పద్ధతి చెప్పాను. కంపైల్ చేయడం ఒక్క చోటనే. అయిన ఫైళ్ళన్నిటినీ ఒక్క మూట కట్టి దాని మీద నంబరు వేద్దాం. అదే ప్యాకేజీ. ఆ మూటనే మూడు చోట్లా విప్పుదాం. సర్వర్ల మీద కంపైల్ చేసే సాధనం, కంపైలర్ అనేదే ఉండొద్దు. మూటలో లేని ఫైలేదైనా సర్వర్ మీద కనబడితే తీసేసి, మూటను మళ్ళీ పరుద్దాం. యజమానికి ఇది చాదస్తంగా అనిపించింది. ఆమె మాత్రం వెంటనే ఒప్పుకుంది. అట్ల అయితే నా ప్రోగ్రామ్ ఏడ జూసినా ఒక్క తీరుంటది కద సార్ అంది. కంపైల్ చేసే కంప్యూటర్‌కు కార్ఖానా అని పేరు పెట్టింది కూడా ఆమే. ఫలానాది కార్ఖానాల తయారైందా సార్ అని అడిగేది.

ప్యాకేజీలు ఫ్లాపీల మీద మోసుకుపోయేవాణ్ణి. పగటిపూట లైను మీద పంపితే గిరాకీకి అడ్డం. ఎండకూ దుమ్ముకూ ఫ్లాపీలు చెడిపోతాయని, మా ఆవిడ పాత స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి ఇచ్చింది. నారాయణగూడ ప్రెస్సు వాచ్‌మన్ రోజూ ఆ డబ్బా చూసి, ఇయ్యాల ఏం కూర పెద్దసారూ అని అడిగేవాడు. ఒకరోజు మూత తీసి చూపిస్తే, పాపం నమిలేటందుకు పండ్లుండాలె మీకు అన్నాడు.

ఈ పద్ధతి మొదలుపెట్టాక ఆరేడు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. ఆమె ఉత్సాహం అప్పుడు చూడాలి. వారపత్రిక యజమాని, మా వయసు వాడే, ప్రెస్సులోనే కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. అతనితో మా యజమాని మాట్లాడి ఒక ఒప్పందానికి వచ్చాడు. దసరా ప్రత్యేక సంచికను మొత్తం అక్షరాలుగా నెట్ మీద పెడతారు. పండగ తెల్లారి ప్రెస్సులో, అడ్వర్టైజ్‌మెంట్లు ఇచ్చే ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి చూపిస్తారు. వాళ్ళకు నచ్చితే పత్రిక ఆ దారిలోకి వస్తుంది. ఆ ఒక్క పత్రిక వస్తే తక్కినవాళ్ళు వస్తారు. నచ్చకపోతే ఇక తెలుగు పని మూసేసి, పై అంతస్తులో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష క్లాసులు పెడతానని మా యజమాని దాపరికం లేకుండా చెప్పాడు. రెండువేల సంవత్సరం వస్తోందని, పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడానికి మనుషులు కావాలని ఊరంతా కోబాల్ బోర్డులు లేస్తున్న కాలం. అతన్ని తప్పుబట్టలేను. ఆమె రెండేళ్ళ పని ఉండడమో పోవడమో ఆ ఒక్క పొద్దుటి మీద ఆధారపడింది.

మహర్నవమి నాడు ఆఫీసులో ఆయుధపూజ. యజమాని తల్లి దగ్గరుండి చేయించింది. పూజ చేసిన పనిముట్టును పండగ వెళ్ళేదాకా ముట్టొద్దని ఆమె నియమం. అన్నీ బంద్ చేయమంది. సర్వర్లను ఆపితే ఊళ్ళో ఎవరికీ పేజీలు పోవని, అవి అఖండదీపం లాంటివని నేను చెబితే, కాసేపు ఆలోచించి, అట్లయితే బొట్టు పెట్టి నడవనియ్యిండ్రి అంది. కార్ఖానాను మాత్రం ఆపించింది. దాని ముందు అరటిపండ్లు పెట్టి, పసుపు దారం మానిటర్ నుంచి కింది డబ్బా దాకా చుట్టి ముడి వేయించింది. ముడి వేసింది మా ప్రోగ్రామర్ అమ్మాయే. ఇగ ఎల్లుండిదాంక దీనికి సెలవు సార్ అని నవ్వింది.

ఆ సాయంత్రం ప్రెస్సులో జరిగింది నాకు తర్వాతే తెలిసింది. వారపత్రిక యజమాని కొత్తగా కొన్న కంప్యూటర్లో దసరా సంచిక తెరిచి చూశాడు. అందులో ఉన్న బ్రౌజర్ కొత్త రకం. ఒత్తులన్నీ అక్షరాల కింది నుంచి జారి పక్కకు పడ్డాయి. పండగ తెల్లారి పెద్దమనుషులు చూడబోయేది ఆ కంప్యూటర్లోనే. అతను ఆమె ఇంటి పక్కవాళ్ళ నంబరుకు ఫోన్ చేసి పిలిపించి చెప్పాడు. ఆమె కంగారుపడి నాకు చెబుదామనుకుని, మళ్ళీ పండగపూట ముసలాయనను ఎందుకు తిప్పడమని ఊరుకుంది.

దసరా పొద్దున్నే ఆఫీసు తాళం తీసుకుని వచ్చింది. కార్ఖానా ముందు నిలబడింది. దారం తెంపితే తప్ప దాన్ని నడపడం కుదరదు. తాను కట్టిన ముడే. యజమాని తల్లికి మాట ఇచ్చినట్టే అనుకుంది. తెంపలేదు. అరటిపండ్ల పక్క నుంచి కంపైలర్ సీడీ, తన ప్రోగ్రామ్ నకలున్న ఫ్లాపీలు తీసుకుని ఆటోలో నారాయణగూడ పోయింది. ప్రెస్సులో పూజ అప్పటికే అయిపోయింది, అక్కడ అలాంటి నియమమేమీ లేదు. ఆ సర్వర్ మీదనే కంపైలర్ పెట్టుకుని, తప్పు ఎక్కడుందో వెతికి సరిచేసి, అక్కడే కంపైల్ చేసింది. ఒత్తులు వాటి చోటికి వచ్చాయి. పత్రిక యజమాని సంతోషపడి పండగ మిఠాయి పెట్టాడట. చూపించేది ఆ సర్వర్ నుంచే గనక అప్పటికి అది చాలు. మిగతా రెండింటికి పండగ వెళ్ళాక కార్ఖానాలో కొత్త ప్యాకేజీ కడదామని, తాను మార్చిన ఫైళ్ళన్నీ ఆ సర్వర్లోనే ఒక పక్కన పెట్టి వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. జమ్మి ఆకు పెట్టడానికి. భర్త, పిల్లలు కూడా వచ్చారు. ఇల్లంతా మనుషులు. మా అన్నయ్య, వదిన, పక్కింటివాళ్ళు, అందరూ హాల్లో కూర్చుని ఉన్నారు. ఆమె నా చేతిలో జమ్మి పెట్టి కాళ్ళకు మొక్కింది. లేచి ఏదో చెప్పబోయి ఆగింది. మా ఆవిడ సకినాలు తెచ్చి పెడుతూ, ఇయ్యాల గూడ మీ ఆఫీసు ముచ్చటేనా బిడ్డా, పండగపూట పనిముట్టు ముట్టొద్దంటరు అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

పోయేటప్పుడు గడప దగ్గర అంది: “సార్, రేపు పొద్దున జర నేనొచ్చినంక చూద్దాం.”

పండగ నాడు పెద్దవాళ్ళ ముందర, పని చేశానని చెప్పడానికి సంకోచించింది. రేపు ఆఫీసులో ఎలాగూ కలుస్తాం కదా అనుకుంది. నేనేమో కొత్త సంచిక అందరం కలిసి చూద్దామంటోంది అనుకున్నాను. సరేనమ్మా అన్నాను.

తెల్లారి నేను ఆఫీసుకు పోలేదు. ముందు ప్రెస్సుకు పోయాను. ముఖ్యమైన రోజు కదా, ఆ సర్వర్‌ను ఒకసారి సరిచూసుకుందామని. డబ్బాలో పాత ప్యాకేజీ ఫ్లాపీలు పెట్టుకునే పోయాను, అది నా అలవాటు. చూస్తే, సర్వర్లో ఉన్నదీ ప్యాకేజీలో ఉన్నదీ ఒకటి కాదు. పైగా కంపైలర్ పెట్టి ఉంది. ఒక పక్కన తెలియని ఫైళ్ళు. అంతకుముందు ఒకసారి ప్రెస్సు డీటీపీ కుర్రాళ్ళు ఆటలు తెచ్చి ఆ సర్వర్లో నింపారు. ఇదీ వాళ్ళ పనే అనుకున్నాను. అలాంటప్పుడు ఏం చేయాలో ఆమే నేనూ ముందే కూర్చుని రాసుకున్నాం గనక ఆలోచించే పని లేదు. కంపైలర్ తీసేశాను. ప్యాకేజీలో లేనివన్నీ తుడిచాను. ప్యాకేజీ మళ్ళీ పరిచాను. డిస్కులో జాగా తక్కువ, తుడిచేవాటికి నకలు ఉంచే ఆనవాయితీ మాకు లేదు. నా ముందున్న పాత కంప్యూటర్లో సంచిక తెరిచి చూశాను. ముచ్చటగా ఉంది. ఒత్తులన్నీ ఉన్నాయి. ఆ కంప్యూటర్లో మొదటి నుంచీ బాగానే ఉండేవి.

అక్కడి నుంచి నడుచుకుంటూ అశోక్ నగర్ చేరాను. ఆమె నాకోసమే చూస్తూ కూర్చుంది. కార్ఖానా దారం అప్పుడే విప్పి మడిచి పెట్టింది.

“మూడు సర్వర్లు ఒక్క తీరున్నయమ్మా. నారాయణగూడది గడబిడ చేసిండ్రు ఎవరో. మన ప్యాకేజీ మళ్ళ ఏసొచ్చిన,” అన్నాను.

ఆమె లేచి నిలబడింది. “ఏసిండ్రా సార్?” అంది. “పక్కకున్న ఫైల్లు?”

“తీసేసిన.”

కుర్చీలో కూర్చుంది. నిన్నటి సంగతంతా చెప్పింది. గొంతు పెంచలేదు. ఎవరినీ అనలేదు. నేనే మీకు ఒక ఫోన్ చేసుంటే అయిపోతుండె సార్ అని ఒక్కమాట అంది. ఫోన్ చేయాల్సిన పని లేకుండా చేయడానికే గదమ్మా ఆ పద్ధతి పెట్టుకున్నది అని నాకు అనబుద్ధి అయింది. ఆటో పిలవడానికి మెట్లు దిగాను.

కంపైలర్ సీడీ, ఫ్లాపీలు పట్టుకుని ప్రెస్సుకు పోయాం. దారిలో ఆమె మార్పులు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ వేళ్ళు ముడుస్తోంది. నారాయణగూడ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగింది. పండగ మరునాడు కాలేజీలు లేకున్నా మార్కెట్ జనం ఉండనే ఉంటారు. మేము పోయేసరికి పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. కొత్త కంప్యూటర్ తెరిచే ఉంది. ఒత్తులు పక్కకు పడే ఉన్నాయి. వాళ్ళలో ఒకాయన తమ దుకాణం అడ్వర్టైజ్‌మెంట్ చదవబోయి చదవలేక నవ్వుతున్నాడు. పత్రిక యజమాని ముఖంలోకి నేను చూడలేకపోయాను.

ఆమె ఒక గంట టైమియ్యండి, మళ్ళ చేసి చూపిస్త అంది. అతను సరేనన్నాడు. ఆమె కూర్చుని రాస్తుంటే నేను వెనక నిలబడ్డాను. నిన్న పండగ రోజు పొద్దంతా నింపాదిగా చేసిన పని అది. ఇప్పుడు మనుషులు చూస్తుంటే, కొట్టింది చెరిపి మళ్ళీ కొట్టింది. కొన్ని ఒత్తులు వచ్చాయి, కొన్ని రాలేదు. గంట దాటింది. ఆ పెద్దమనుషులకు దుకాణాలు తెరిచే వేళ. లేచి చెప్పులేసుకున్నారు.

పత్రిక యజమాని కోపగించుకోలేదు. అదే ఇంకా బాధ. ఆమెకు కాఫీ తెప్పించి, పక్కన కూర్చుని అన్నాడు: “నిన్న బాగుండె బిడ్డా, నేనే జూసిన. కని రోజొక తీరుంటే నా పత్రిక ఎట్ల నడుస్తది? బొమ్మలల్ల ఒత్తులు ఊడిపోవు గద. కొన్ని దినాలు బొమ్మలే ఉండని.”

ఆమె కాఫీ తాగి, కప్పు తానే కడిగి పెట్టి వచ్చింది.

తర్వాతి వారంలో ఆమె ఆ తప్పును పూర్తిగా సరిచేసింది. కార్ఖానాలో ప్యాకేజీ కట్టి మూడు సర్వర్లలోనూ వేశాను. ఏ కంప్యూటర్లో చూసినా ఒత్తులు కదల్లేదు. పత్రిక యజమానికి కబురు పెడితే, చూస్తాలే అన్నాడు. చూడలేదు. మా యజమాని చెప్పినట్టే చేశాడు. పై అంతస్తులో బల్లలు వేయించి కోబాల్ బోర్డు కట్టించాడు. చెప్పేవాడి కోసం వెతకాల్సిన పని లేకపోయింది. నేను పాత ఉద్యోగమంతా ఆ భాషతోనే చేశాను. పొద్దున సర్వర్లు, సాయంత్రం క్లాసు. మొదటి వరసలో ఆమె కూర్చుంది. జీతం ఆపనని, అయితే మూడు నెలల్లో వేరే చోట చూసుకోవాలని యజమాని చెప్పాడు.

ఇన్నేళ్ళలో ఈ సంగతి చాలాసార్లు తిరగేసుకున్నాను. ఆ పొద్దున నేను వేరేగా చేయాల్సిందేమిటో నాకిప్పటికీ దొరకలేదు. ఆమె దారం తెంపి ఉండాల్సిందని అనడానికి నోరు రాదు. మా ఆవిడ ఆ మాట అనకుండా ఉండాల్సిందంటే, పండగ రోజు ఏ ఇంట్లోనైనా అనే మాటే అది. తప్పు ఉంటే దాని మీద పడి ఏడ్చి తేలికపడొచ్చు. ఇక్కడ అదీ లేదు. ఎవరికి వారు మర్యాదగా, పద్ధతిగా నడుచుకున్నారు. నడుచుకుంటే ఒక మనిషి రెండేళ్ళ పని పోయింది.

ఆమె ప్రోగ్రామ్‌ను ఎవరూ వాడకపోయినా, నేను దాన్ని ప్యాకేజీలోంచి తీయలేదు. ప్రతిసారీ దాన్నీ కలిపే కంపైల్ చేసి మూడు చోట్లా పరిచేవాణ్ణి. యజమాని పట్టించుకోలేదు. చలికాలంలో వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడిందని, దొంగలు లోపలికి రావచ్చని, కొత్త రకం వేసుకోవాలని కబురు వచ్చింది. కొత్తది తెచ్చి కార్ఖానాలో పెడితే, ఆమె రాసింది అందులో ఇమడలేదు. కంపైల్ ఆగిపోయింది. లోపల బాగా మార్చేశారు. ఇమడ్చాలంటే ఆమె కూర్చుని సగం తిరిగి రాయాలి. నాకు వచ్చినంత నేనూ ప్రయత్నించాను. మూడు రోజులు పట్టు విడవలేదు. నా వల్ల కాలేదు. సర్వర్లనేమో అట్లా తెరిచి పెట్టి ఉంచలేం.

ఆ సాయంత్రం క్లాసు అయ్యాక ఆమెను ఆపి సంగతి చెప్పాను. అప్పటికి ఆమెకు బేగంపేట వైపు ఒక పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూ కుదిరింది. నేనే సిఫారసు చేశాను. క్లాసులో ఆమెను మించినవాళ్ళు లేరు.

“కొన్ని దినాలు ఆగుదామమ్మా. ఆదివారాలు వచ్చి కూసుంటే ఇద్దరం చేద్దాం,” అన్నాను.

ఆమె సంచిలో పుస్తకాలు సర్దుకుంటూ విన్నది. “దొంగలొస్తరంటుండ్రు గద సార్. దానికోసం తలుపు తెరిచిపెడ్తరా?” అంది. మళ్ళీ తనే, “తీసేయుండ్రి. ఏం కాదు,” అంది.

ఆమె సంచి బల్ల మీద పెట్టి, లోపలి నుంచి నోట్సు మళ్ళీ బయటకు తీసింది. తేదీలో సంవత్సరం రెండు అంకెలే ఉన్నప్పుడు ఏది పాత నూరేళ్ళదో, ఏది కొత్తదో ప్రోగ్రామ్‌కు ఎట్లా తెలుస్తుందని అడిగింది. ఇంటర్వ్యూలో అడుగుతారట. బోర్డు దగ్గరకు పోయి సుద్ద తీసుకున్నాను. ఆమెకు పూర్తిగా అర్థమయ్యేదాకా చెప్పాను. ఆమె మెట్లు దిగి పోయాక కార్ఖానా ముందు కూర్చుని, ఆమె ప్రోగ్రామ్ లేకుండా మొదటి ప్యాకేజీ కట్టాను. ఎక్కడా ఆగకుండా అయిపోయింది.